సాక్ష్యం చెప్పిన ఆదివారం

పోయిన వారం కిరణ్మయిని ఆసుపత్రి మెట్ల మీద, నోట్లో మాట నోట్లోనే ఉండగా వదిలి వచ్చాం. పాపం, ఆమె ఆ మాటను ఇంకా మింగనూ లేదు, కక్కనూ లేదు. దారి మధ్యలో మనతో కలిసినవాళ్ళ కోసం అదేం మాటో ముందు చెప్పుకుందాం.

ఢిల్లీ ద్వారకలో కాపురం పెట్టిన కిరణ్మయి, సుహాస్ పెళ్ళైన దగ్గర్నుంచీ తమది అనుకోదగ్గ సంఘం కోసం ఊరంతా గాలించారు. ఇంగ్లీషు చర్చిలో పక్క బల్లవాళ్ళు తల తిప్పి చూడలేదు. మలయాళీ చర్చిలో మూడు గంటలు కూర్చుంటే అర్థమైంది ఆమేన్ ఒక్కటే. గుర్‌గావ్‌లో ఒక మాల్ పై అంతస్తులో జరిగే ఆరాధనకు వెళితే డ్రమ్ముల మోతకు సుహాస్‌కు రెండు రోజులు తలనొప్పి తగ్గలేదు. చివరికి జనక్‌పురిలో ఒక నర్సరీ స్కూలు హాలు అద్దెకు తీసుకుని నడిచే తెలుగు సహవాసానికి వెళ్ళారు. మొదటి రోజే ఎవరో పెద్దావిడ చెయ్యి పట్టుకుని, "ఏ ఊరమ్మా మీది? భోంచేసి వెళ్ళాలి, తెలిసిందా?" అంది. ఇక ఇద్దరూ ఇంకో చర్చి గడప తొక్కలేదు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్ళను సభ్యులుగా చేర్చుకునే ముందు ఏదో ఒక పరిచర్య అప్పగిస్తారు. తెనాలి కుర్రాడు సుహాస్‌కు హిందీ అంతంతమాత్రం కనుక కుర్చీలు వేసి తీసే పని ఇచ్చారు. కిరణ్మయి ఢిల్లీలోనే పుట్టి, సర్కారీ క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. అందుకని ఆంధ్ర నుంచి వైద్యానికి వచ్చేవాళ్ళ వెంట పెద్దాసుపత్రికి వెళ్ళి, డాక్టరు మాట వాళ్ళకూ, వాళ్ళ మాట డాక్టరుకూ చెప్పే పని ఆమెకు ఇచ్చారు.

అలా ఆమె వంతుకు వచ్చిన మనిషి లలితకుమారి. కోనసీమలో అంగన్‌వాడీ టీచరు. రొమ్ములో గడ్డతో, భర్త నాగభూషణాన్ని వెంటబెట్టుకుని వచ్చి, స్కూలు వెనక గదిలో దిగింది. బుధవారం నాడు కిరణ్మయి ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆడవాళ్ళ పరీక్ష గదిలోకి మగవాళ్ళను రానివ్వరు కనుక నాగభూషణం బయటే ఉండిపోయాడు. లోపల డాక్టరమ్మ కాగితాలు చూసి హిందీలో తేల్చి చెప్పింది: కేన్సర్. అదృష్టం కొద్దీ ఇంకా పాకలేదు. వచ్చే గురువారం ఆపరేషన్ చేస్తాం, చేయించుకుంటే నిశ్చింతగా బతకవచ్చు, ఆలస్యం చేస్తే మా చేతుల్లో ఉండదు. ఇదంతా విని కిరణ్మయి లలితకుమారి వైపు తిరిగింది. లలితకుమారి ఆమె మణికట్టు పట్టుకుని, "పెద్ద జబ్బు కాదుగా అమ్మాయ్?" అంది.

"కాదు పిన్నీ. చిన్న గడ్డేనట. తీసేస్తే సరిపోతుందట."

మనవాళ్ళలో రోగి మొహం మీద ఆ మాట అనరు. ఇంట్లోవాళ్ళను పక్కకు పిలిచి చెబుతారు. కిరణ్మయి చిన్నప్పటి నుంచీ చూసిన మర్యాద అదే. బయటికి వెళ్ళాక నాగభూషణానికి చెప్పేద్దామనుకుంది. కానీ లలితకుమారే ముందు పరుగెత్తి, "ఏం లేదంటండీ!" అనేసింది. యాభై ఏళ్ళు దాటిన ఆ మనిషి మెట్ల మీద కూలబడి ఆనందం పట్టలేక చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆ ఏడుపు చూశాక కిరణ్మయికి నోరు పెగల్లేదు.

బుధవారం పోయింది. రేపు చెబుదాం, మాపు చెబుదాం అంటూ మూడు రోజులు పోయాయి. భర్తకు కూడా చెప్పలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక నాగభూషణాన్ని పక్కకు పిలిచి తీరతానని తనకు తానే ఒట్టు పెట్టుకుని బయల్దేరింది.

ఆ ఆదివారం ఢిల్లీని నవంబరు పొగ కప్పేసి ఉంది. పదిన్నరకు కూడా దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. హాల్లో గోడల నిండా పళ్ళ బొమ్మలు, జంతువుల బొమ్మలు. ఒక వైపు ముసుగులు వేసుకున్న ఆడవాళ్ళు, మరో వైపు మగవాళ్ళు. కిరణ్మయి చున్నీ తల మీదికి లాక్కుని మూడో వరసలో కూర్చుంది. పాటలు పాడుతున్నా ఆమెకు ఒక్క ముక్క వినపడడం లేదు.

పాటలయ్యాక పాస్టరు దశరథ్ గారు లేచారు. వారమంతా కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళతో కుస్తీ పట్టే మనిషి, ఆదివారం వచ్చేసరికి అందరికీ అయ్యగారు. మెత్తని గొంతు. "సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకు రండి" అన్నారు.

సాక్ష్యాలంటే ఆ సంఘానికి ప్రాణం. దేవుడు తమకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవాలి. ఒకరికి ప్రమోషను వచ్చిందని, ఒకరి పిల్లాడికి జ్వరం తగ్గిందని చెప్పారు. మూడో సాక్ష్యానికి ఆడవాళ్ళ వైపు నుంచి లలితకుమారి లేచింది.

కిరణ్మయి గుండెల్లో రాయి పడింది.

"సంఘానికి వందనాలండి" అంది లలితకుమారి, మైకు రెండు చేతులతో పట్టుకుని. "నేను మాట్లాడే మనిషిని కాదండి. రొమ్ములో గడ్డొచ్చిందండి. మా ఊళ్ళో అందరూ పెద్ద జబ్బే అన్నారండి. ఇక్కడికొచ్చాక అయ్యగారూ అమ్మగారూ నా తల మీద చేతులేసి ప్రార్థన చేశారండి. బుధవారం నాడు డాక్టరమ్మ చూసి, ఏమీ లేదు పొమ్మందండి. ఆపరేషనే అక్కర్లేదండి. దానంతటదే కరిగిపోద్దంటండి. రేపు సాయంత్రం బండికి మా ఊరెళ్ళిపోతన్నామండి!"

హాలంతా స్తోత్రాలతో దద్దరిల్లింది. తీసేస్తే సరిపోతుందని చెప్పింది తను. తీయనక్కర్లేదని ఎవరు చెప్పారు? రేపు బండి ఏమిటి? గురువారం ఏమవుతుంది? గురువారం ఆపరేషన్ బల్ల మీద ఉండాల్సిన మనిషి కోనసీమలో కొబ్బరిచెట్ల కింద కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే, లోపల ఆ గడ్డ ఊరుకుంటుందా? ఈమె చచ్చిపోతుంది. నేను చెప్పిన మాట వల్ల చచ్చిపోతుంది.

"ఇదంతా మా కిరణ్ పుణ్యమండి" అంటోంది లలితకుమారి. "కన్నకూతురు కూడా ఇలా చెయ్యదు. అమ్మాయ్, ఇలా రా. డాక్టరమ్మ నీతోనే కదా చెప్పింది."

వెనక నుంచి ఎవరో కిరణ్మయి భుజం తట్టి లేపారు. దారి ఇచ్చారు. ఎలా నడిచిందో తెలియదు, మైకు ముందు నిలబడి ఉంది. దశరథ్ గారు చిరునవ్వుతో, "రెండో సాక్షి కూడా వచ్చింది. చెప్పమ్మా, డాక్టరు ఏమన్నారు?" అని అడిగారు.

చెప్పెయ్. ఇప్పుడే చెప్పెయ్. మనసు పోరుతూనే ఉంది. ఎదురుగా మగవాళ్ళ వరసలో సుహాస్ గర్వంగా నవ్వుతున్నాడు. అతని వెనక నాగభూషణం నిలబడే ఉన్నాడు, రెండు చేతులూ జోడించి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయి. పెద్దావిడలు, పిల్లల తల్లులు, తమతో 'భోంచేసి వెళ్ళండి' అన్నవాళ్ళు, అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. ఆ చూపుల ముందు కిరణ్మయి భయపడింది. వట్టి పిరికితనం, దానికి ఇంకో పేరు లేదు.

తల ఊపింది.

తల ఊపితే మైకులో వినపడదు కదా. అందుకని దశరథ్ గారే, "అవునంటోంది మన సోదరి!" అని ఆమె తరఫున ప్రకటించారు. అంతటితో ఆగలేదు. "ఇంత మంచి పరిచర్య చేసిన ఈ దంపతులను వచ్చే ఆదివారం మన సంఘంలో సభ్యులుగా చేర్చుకుందాం" అన్నారు. చప్పట్లు మోగాయి. రెండేళ్ళుగా ఏ మాట కోసం ఊరంతా తిరిగారో ఆ మాట వినిపించిన వేళకు కిరణ్మయి దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉంది.

ఆరాధన ముగిసి వరండాలో విస్తళ్ళు పరిచారు. ఆదివారం ఆదివారం అక్కడ ప్రేమవిందు ఉంటుంది, వంతులవారీగా ఇళ్ళలో వండి తెస్తారు. పాస్టరు గారి భార్య సుభాషిణి అమ్మగారు పులిహోర బేసిన్ కిరణ్మయి చేతిలో పెట్టి వడ్డించమన్నారు. రెండు విస్తళ్ళలో వడ్డించేసరికి గరిటె చేతిలోంచి జారిపోయింది. ఆమె బేసిన్ కింద పెట్టేసి, స్కూలు పెరట్లో జారుడుబల్ల దగ్గర కుర్చీలు మడుస్తున్న సుహాస్ దగ్గరికి వెళ్ళింది.

"సుహాస్, ఆమెకు కేన్సర్."

అతను నవ్వబోయి ఆగాడు. ఆమె అంతా చెప్పేసింది. మధ్యలో హిందీ, మధ్యలో ఏడుపు. సుహాస్ చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది.

"నాకన్నా చెప్పాల్సింది కదా కిరణ్."

"చెప్తే నువ్వు వాళ్ళకి చెప్పెయ్ అంటావు. నాకు డర్ లగా... భయమేసింది."

"ఇప్పుడూ అదే అంటాను. నాగభూషణం బాబాయ్‌కి చెప్పెయ్. రేపు బండెక్కేస్తే ఇంక ఎవరి మాటా వినరు."

"అందరి ముందూ తల ఊపాను. ఇప్పుడు కాదంటే మనల్ని మళ్ళీ రానిస్తారా ఇక్కడికి?"

ఈ చోటు కోసం తనెంత ఆశపడ్డాడో సుహాస్‌కు తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుర్చీ కింద పెట్టి, "రానివ్వకపోతే రానివ్వరు. పద, నేనూ వస్తాను" అన్నాడు.

నాగభూషణం పంక్తిలో ఎక్కడో కూర్చున్నాడు. ముందు పిన్నితోనే మాట్లాడతానని కిరణ్మయి ఒక్కతే వెనక గదిలోకి వెళ్ళింది. సుహాస్ గుమ్మం బయట నిలబడ్డాడు. గదిలో లలితకుమారి బ్యాగులో బట్టలు సర్దుకుంటోంది.

"పిన్నీ, మీకు నేను అబద్ధం చెప్పాను. డాక్టరు మేడమ్ అలా అనలేదు."

లలితకుమారి చేతిలో తువ్వాలు మడతపెట్టడం ఆపలేదు. "తలుపు దగ్గరగా వేసి రా" అంది.

కిరణ్మయి వేసి వచ్చింది.

"ఏమందో నాకు తెలుసులే. హిందీ రాదు గానీ కేన్సరంటే తెలీదా అమ్మాయ్? మా అంగన్‌వాడీ గోడ మీద పోస్టరే ఉంది."

"మరి... మరి నన్నెందుకు అడిగారు?"

"నువ్వేమంటావో చూద్దామని. అవునంటావేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు కాదన్నావు. నా నెత్తిన పాలు పోశావు తల్లీ. నువ్వు అలా అనబట్టే ఆయన నమ్మాడు."

"ఆపరేషన్ అక్కర్లేదని కూడా నేను చెప్పానన్నారా?"

"మరి చెప్పకపోతే ఆయన నన్ను కదలనిస్తాడా? బల్ల ఎక్కించేదాకా ఊరుకోడు." ఆమె బ్యాగు జిప్పు లాగి మంచం మీద కూర్చుంది. "మా అక్కకీ ఇదే జబ్బు. కోసి తీసేశారు. కత్తి తగిలితే అది ఒళ్ళంతా పాకిపోద్ది అమ్మాయ్, మా వైపు ఎవర్ని అడిగినా చెప్తారు. ఆరు నెలలు నేనే దగ్గరుండి చూశాను. తల మీద వెంట్రుకైనా మిగల్లేదు దానికి. మంచినీళ్ళు మింగలేక నా చేతుల్లోనే పోయింది. నన్నా బల్ల ఎక్కించొద్దు. నా ఇంట్లో, నా మంచం మీద నేను పోతాను."

"దేవుడి పేరు చెప్పి, అంతమందిలో..."

"ఆ దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాలే!" అని కసిరింది లలితకుమారి. మరుక్షణంలో ఆ గొంతు సన్నబడిపోయింది. "నాకు భయమేస్తందమ్మాయ్. రాత్రుళ్ళు ఆ గడ్డ మీద చెయ్యి పెట్టుకుని పడుకుంటన్నాను. నీకూ భయమే కదా? అందుకేగా తల ఊపావు. నీ భయం నీ దగ్గరుంచుకో, నా భయం నా దగ్గరుంచుకుంటాను. రేపు సాయంత్రం దాకా నోరు మూసుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగింది. కిరణ్మయి ఆమె రెండు చేతులూ పట్టుకుని లేపి, పక్కనే కూర్చుంది. "పిన్నీ, మీ అక్కయ్యకి ఎప్పుడు తెలిసింది? మొదట్లోనా, ముదిరాకా?"

లలితకుమారి మొహం తిప్పుకుంది.

"చెప్పండి."

"ముదిరాకే. పుండైపోయాక చూపించింది. అదీ సిగ్గుపడి."

"కత్తి వల్ల కాదు పిన్నీ. అది అప్పటికే పాకేసింది. మీది పాకలేదు. మేడమ్ రెండుసార్లు అన్నారు ఆ మాట. మీరు బతుకుతారు. ఈ మాట మాత్రం ఝూఠ్... అబద్ధం కాదు పిన్నీ, నా మీద ఒట్టు."

లలితకుమారి కళ్ళెత్తి ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో ఏదో కదిలింది. నమ్మాలని ఉంది, నమ్మడానికి ధైర్యం చాలడం లేదు. ఇంకాసేపు ఇద్దర్నీ అలాగే వదిలేస్తే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని నాగభూషణం లోపలికి వచ్చాడు. చేతిలో విస్తరి, దాని నిండా పులిహోర, పక్కన రెండు అరిసెలు.

"ఇక్కడున్నారా తల్లీకూతుళ్ళు! లలితా, నువ్వు పొద్దుట్నించీ ఏం తినలేదు. ఇంద" అన్నాడు. తర్వాత వాళ్ళ మొహాలు చూశాడు. "ఏంటలా ఉన్నారు?"

లలితకుమారి కిరణ్మయి చేతిని గట్టిగా నొక్కింది. గోళ్ళు దిగబడ్డాయి. గుమ్మంలో సుహాస్ కనిపిస్తున్నాడు. కిరణ్మయి అతని వంక చూసి, కళ్ళు మూసుకుని, బుధవారం నుంచీ గొంతుకు అడ్డం పడ్డ మాటను బయటికి తీసింది.

"బాబాయ్, పిన్నికి కేన్సర్. గురువారం ఆపరేషన్ చేయించాలి. చేయిస్తే తగ్గిపోతుంది."

నాగభూషణం కదల్లేదు. లలితకుమారి నవ్వింది.

"ఏవండీ, ఈ పిల్లకి తెలుగు సరిగ్గా రాదుగా. ఒకటి అనబోయి ఒకటంటది. ఎవరో ఇంకో పేషెంటు సంగతి చెబుతోంది. అంతే కదమ్మాయ్?"

నాగభూషణం విస్తరిని నెమ్మదిగా కిటికీ గట్టు మీద పెట్టాడు. "ఇందాక ఇంతమందిలో తల ఊపావు కదమ్మా" అన్నాడు. కోపం లేదు అతని గొంతులో, బతిమాలుతున్నట్టుంది. "అప్పుడు అబద్ధమా? ఇప్పుడు అబద్ధమా?"

"అప్పుడు, బాబాయ్. భయపడి ఊపాను. క్షమించండి."

అతను భార్య వైపు తిరిగాడు. "లలితా. నువ్వు చెప్పు. నా మొహం చూసి చెప్పు."

ఇందాక హాలు నిండా జనం ముందు తడబడకుండా మాట్లాడిన మనిషి ఒక్క మొగుడి ముందు తల ఎత్తలేకపోయింది. నాగభూషణానికి జవాబు అందింది. గోడకు ఆనుకుని, జారి, కింద కూర్చుండిపోయాడు.

లలితకుమారి లేచింది. చీర కొంగు తల మీద సర్దుకుంది. భర్తను దాటి, గుమ్మంలో సుహాస్‌ను దాటి, వరండాలోకి నడిచింది. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు చెయ్యి కడుక్కోవడానికి పోతోందనుకున్నారు. సుభాషిణి అమ్మగారు, "మంచి సాక్ష్యం చెప్పావమ్మా" అని పలకరించారు కూడా.

గదిలో కిరణ్మయి నాగభూషణం పక్కన కూర్చుని మంచినీళ్ళు తాగించింది. అతను తేరుకోవడానికి కాస్త సేపు పట్టింది. "దాని తప్పేం లేదమ్మా. వాళ్ళక్కని చూసి హడలిపోయింది. నేనే కనిపెట్టలేకపోయాను" అన్నాడు. అప్పటికి గానీ లలితకుమారి తిరిగి రాలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ముగ్గురూ పరుగెత్తారు. కుళాయి దగ్గర లేదు. హాల్లో లేదు. మెట్ల కింద ఆమె చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. గేటు తెరిచి ఉంది. బయట రోడ్డు మీద పొగలో పది అడుగుల అవతల ఏముందో కనిపించడం లేదు. ఈ-రిక్షాల హారన్లు మాత్రం వినిపిస్తున్నాయి. గేటు దగ్గర చౌకీదారును కిరణ్మయి హిందీలో అడిగింది. ఎవరో ముసుగు వేసుకున్న అమ్మ వట్టి కాళ్ళతో మెట్రో వైపు వెళ్ళింది, పిలిస్తే వెనక్కి తిరగలేదు అన్నాడతను.

"ఫోన్ చెయ్యండి బాబాయ్, జల్దీ!" అంది కిరణ్మయి.

నాగభూషణం చొక్కా జేబు తడుముకున్నాడు. ఒక ఫోను తీశాడు. మళ్ళీ జేబులో చెయ్యి పెట్టి, రెండోది తీశాడు.

"దానిది కూడా నా దగ్గరే ఉందమ్మా" అన్నాడు.